ఫార్వర్డ్ కొట్టిన పాటల దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: నాకు 49 ఏళ్ళు. కర్నూలులో టీచర్‌గా పనిచేస్తున్నాను. మాది పాతబస్తీలో మిద్దె ఇల్లు. 2009 వరదల్లో కింది గదుల్లో ఉన్నవన్నీ మునిగిపోయాయి, ఆ తర్వాత మేం సి క్యాంపు వైపు వచ్చేశాం. మొన్న పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక అట్టపెట్టె దొరికింది, నిండా క్యాసెట్లు. అన్నా నేనూ డబ్బులు కూడబెట్టి కొన్నవి, రికార్డింగ్ సెంటర్‌లో చేయించుకున్నవి, నాన్న వినే ఘంటసాల భగవద్గీత, మా అవ్వ పాడిన మంగళహారతులు మేమే రికార్డు చేసింది ఒకటి. వరదలో తడిసినవి కూడా ఒక సంచిలో అలాగే ఉన్నాయి, అమ్మ పారేయనివ్వలేదు. ఇంట్లో టేప్ రికార్డర్ లేదు కాబట్టి ఫోన్లో 'గీతాంజలి' పాటలు పెట్టుకున్నాను. ఎనిమిదో తరగతిలో ప్రాణం పెట్టి విన్నవి. రెండు పాటలు పూర్తికాకముందే చెయ్యి వేరేదాని మీదికి పోయింది, ఏమీ అనిపించలేదు. నాకు పాటల మీద ప్రేమ పోయిందా? ఈ క్యాసెట్లు బాగు చేయించుకోవడం దండగా? మా ఆయన 'ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా' అంటున్నారు. గీత క్యాసెట్ ఇంట్లో పెట్టొద్దని అమ్మ అంటోంది. అన్న బెంగళూరులో ఉంటాడు, ఇల్లు అమ్మే విషయంలో మాటామాటా వచ్చి పండగలకు తప్ప మాట్లాడుకోవడం లేదు. పెట్టె సంగతి తనకు చెప్పాలా వద్దా కూడా తెలియడం లేదు.

సమాధానం: టీచర్ గారూ, ప్రేమ పోలేదు. పోయి ఉంటే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాళ్ళు కాదు, పెట్టెను అటక మీదే వదిలేసి తాళం వేసేవాళ్ళు.

మీకేం జరిగిందో నాకు అర్థమైనంతవరకు చెప్తాను. మీరు బాగా గుర్తున్న పాటలతో మొదలుపెట్టారు. అందరూ అదే చేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. 'గీతాంజలి' 1989లో వచ్చింది. 'ఆమనీ పాడవే' అప్పటి నుంచి ఇప్పటిదాకా మీ చెవిన ఎన్నిసార్లు పడి ఉంటుందో ఆలోచించండి. టీవీలో పాటల పోటీల్లో పిల్లలు పాడతారు, పెళ్ళిలో ఆర్కెస్ట్రావాళ్ళు పాడతారు, నంద్యాల బస్సులో డ్రైవర్ పెడతాడు, ఎవరికో ఫోన్ చేస్తే అదే కాలర్ ట్యూన్. ఇన్నిసార్లు విన్నాక ఆ పాట మీ ఎనిమిదో తరగతికి మాత్రమే చెందినది కాకుండా పోతుంది, దాని మీద ముప్పై ఏళ్ళ వేరే జ్ఞాపకాలన్నీ పేరుకుని ఉంటాయి, ఇప్పుడు దాన్ని పెడితే పాతబస్తీ ఇల్లు ఎందుకు గుర్తొస్తుంది చెప్పండి, నిన్న ఎక్కిన బస్సు గుర్తొస్తుంది. ఒక గుర్తు ఒకే సందర్భానికి కట్టి ఉంటే దాన్ని లాగితే ఆ సందర్భం వస్తుంది, వంద సందర్భాలకు కట్టి ఉంటే ఏదీ రాదు. జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్ళు కూడా ఇదే చెప్తారు.

అందుకే నా సలహా తిరగేసి ఉంటుంది. మీరు అప్పట్లో ఫార్వర్డ్ కొట్టిన పాటతో మొదలుపెట్టండి. ప్రతి క్యాసెట్‌లో ఒకటుంటుంది. 'ఇది వద్దు' అని మీరు, 'ఉండనీ' అని అన్న, లేదంటే ఇద్దరూ కలిసి వద్దనుకుని, బటన్ నొక్కి దాటేసిన పాట. దాన్ని ఆ తర్వాత టీవీలో ఎవరూ పాడలేదు, కాలర్ ట్యూన్‌గా ఎవరూ పెట్టుకోలేదు. ఆ పాట మీరు విన్నదంతా, సగం సగంగానైనా, ఆ ఇంట్లోనే, ఆ టేప్ రికార్డర్ ముందే. మీకు కావాల్సిన రోజులు దానికి అంటుకుని ఉంటాయి. 'గీతాంజలి'లో ఏడు పాటలు, సంగీతం ఇళయరాజా గారిది, పాటలన్నీ వేటూరి గారే రాశారు. ఆ ఏడింటిలో మీరు ఏది దాటేసేవాళ్ళో నాకు తెలియదు, మీకు మాత్రం ఈపాటికి గుర్తొచ్చి ఉంటుంది.

ఇంకో విషయం, మీరు బహుశా ఏదో పని చేసుకుంటూ ఫోన్ స్పీకర్లో విని ఉంటారు. అలా వినకండి. తప్పని కాదు, అది మరో రకం వినికిడి. క్యాసెట్ రోజుల్లో మనం ఆల్బమ్ మొత్తం వినేవాళ్ళం. మనకేదో గొప్ప ఓపిక ఉండి కాదు, దాటెయ్యడం కష్టం కాబట్టి. ఫార్వర్డ్ కొడితే ఎక్కడ ఆగుతుందో తెలియదు, పాట సగంలోకి పోతుంది, మళ్ళీ రివైండ్ చేయాలి, సెల్లుల మీద నడుస్తుంటే అవి అయిపోతాయి, పాట సాగుతుంది, అమ్మ తిడుతుంది. ఆ గొడవ పడలేక నచ్చనివి కూడా వినేశాం, విని విని వాటిలో కొన్నింటిని ఇష్టపడ్డాం. ఇప్పుడు బొటనవేలికి ఆ అడ్డు లేదు. కాబట్టి ఆ అడ్డు మీరే పెట్టుకోవాలి: రాత్రి పనులయ్యాక, ఫోన్ చేతికి అందని చోట పెట్టి, మంచి ఇయర్‌ఫోన్లోనో కాస్త పెద్ద స్పీకర్లోనో పెట్టుకుని, ఒక సైడ్ మొత్తం వినండి. ఇరవై నిమిషాలో అరగంటో. మధ్యలో లేవొద్దు.

వరుస కూడా ముఖ్యం. చిన్న పరీక్ష చేసుకోండి. ఆ రోజుల పాట ఏదైనా చివరి చరణం దాకా వినండి, అది ఆగగానే మీ మనసులో తర్వాతి పాట మొదటి సంగీతం తనంతట తాను మొదలవుతుంది. చాలామందికి మొదలవుతుంది. అక్కడ ఫోన్ వేరే పాట వేస్తే లోపల ఎక్కడో తెగినట్టు ఉంటుంది, మీరు 'ఏమీ అనిపించలేదు' అన్నదాంట్లో కొంత వాటా దీనిదే అని నా నమ్మకం. మీ పెట్టెలో క్యాసెట్ డబ్బా లోపలి అట్ట ఉంటుంది కదా, దాని మీద సైడ్ ఎ, సైడ్ బి వరుస అచ్చు వేసి ఉంటుంది, అదే వరుసలో ఫోన్లో ప్లేలిస్ట్ చేసుకోండి. షఫుల్ తీసేయండి, ఆటోప్లే తీసేయండి. సైడ్ అయిపోయాక నిశ్శబ్దం రావాలి, ఫోన్ తనకు తోచిన పాట అందుకోకూడదు. మన క్యాసెట్లలో ఒక సైడ్ ఒక సినిమా, రెండో సైడ్ ఇంకో సినిమా ఉండేవి చాలానే. ఆ రెండు సినిమాలకీ ఏ సంబంధమూ ఉండదు, కానీ మీ తలలో అవి అన్నాచెల్లెళ్ళలా ఉండిపోయి ఉంటాయి. అలాంటివి ఉంటే రెండూ కలిపే పెట్టుకోండి. ఎవరి ఆల్బమ్ వారిది అని విడదీస్తే అది సినిమావాళ్ళ ఆల్బమ్ అవుతుంది, మీది కాదు.

ఫోన్లో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. పాత పాటల్ని వేరే గాయకులతో మళ్ళీ పాడించినవి కూడా అదే పేరుతో కనిపిస్తుంటాయి, బొమ్మ కూడా అదే ఉంటుంది. పాడినవాళ్ళ పేర్లు చూసి పెట్టుకోండి. సినిమాలోంచి కత్తిరించిన పాట ఒకలా ఉంటుంది, క్యాసెట్‌లో వచ్చిన పాట ఒకలా ఉంటుంది. సినిమాలో ఒక చరణం ఎగిరిపోయి ఉండొచ్చు, మధ్యలో మాటలు, బండి చప్పుళ్ళు కలిసి ఉండొచ్చు. మీకు తెలిసింది క్యాసెట్ పాట. అదే వెతకండి.

విన్నప్పుడు అప్పటి మనిషిని పట్టుకుందామని మాత్రం చూడకండి. ఆ పదమూడేళ్ళ అమ్మాయి వినలేనివి మీరిప్పుడు వినగలరు, అసలు లాభం అక్కడుంది. అప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నది ఒకే స్పీకరు టూ ఇన్ వన్, అంటే రేడియో, టేప్ రికార్డర్ కలిసి ఉన్నది. స్టీరియోలో రికార్డు చేసిన పాట కూడా దాంట్లో ఒకే ముద్దగా వచ్చేది. ఇప్పుడు రెండు చెవులకూ పెట్టుకుంటే వయొలిన్లు ఒక పక్క, గిటారు ఒక పక్క, గొంతు మధ్యలో, ఇంత జాగా ఉందా ఈ పాటలో అనిపిస్తుంది. 'గీతాంజలి'లోనే 'ఓం నమః' పాట తీసుకోండి, జానకి గారు, బాలు గారు పాడింది. దాంట్లో తాళం బదులు గుండె చప్పుడు నడుస్తుంటుంది. అంత లోతైన శబ్దం చిన్న టేప్ రికార్డర్ సరిగ్గా పలకదు, ఫోన్ స్పీకర్ అసలు పలకదు. ఇయర్‌ఫోన్లో వినండి. పైగా ఆ కథ ఏమిటి, చావు దగ్గర పడిందని తెలిసిన ఇద్దరు మనుషుల ప్రేమ. ఎనిమిదో తరగతిలో మనకు వేటూరి గారి మాటలు నోటికి వచ్చాయి, లోపలికి వెళ్ళలేదు. వెళ్ళే వయసు కాదది. ఇప్పుడు మీరు నాన్నను సాగనంపినవారో కాదో నాకు తెలియదు, అవ్వను మాత్రం సాగనంపే ఉంటారు. ఆ మాటలు ఇప్పుడు వేరేగా తగులుతాయి. వేటూరి గారు 2010లో వెళ్ళిపోయారు, బాలు గారు 2020 సెప్టెంబరులో. ఆయన ఊపిరి పీల్చి పల్లవి అందుకునే ఆ చిన్న జాగా దగ్గర నాకిప్పటికీ గొంతు పట్టుకుంటుంది. మీకూ ఏడుపు రావొచ్చు, రానివ్వండి.

అన్నీ నిలబడవు, అదీ చెప్పాలి. పెట్టెలో కొన్ని ఆల్బమ్‌లు ఇప్పుడు వింటే తేలిపోతాయి, హడావిడిగా కీబోర్డు మీద కట్టేసినట్టు ఉంటాయి. ఒక సైడ్ పూర్తిగా విన్నాక కూడా పట్టకపోతే పక్కన పెట్టేయండి. దాన్నీ ప్రేమించి తీరాలని లేదు.

రికార్డింగ్ సెంటర్ క్యాసెట్ల గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు, నాకైతే మీ పెట్టెలో అవే బంగారం అనిపిస్తోంది. చదివేవాళ్ళలో చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు కాబట్టి చెప్తాను: ఖాళీ క్యాసెట్ ఒకటి కొనుక్కుని, కాగితం మీద మనకు కావలసిన పాటల లిస్టు రాసి, బజార్లో రికార్డింగ్ సెంటర్‌లో ఇస్తే కొన్ని రోజుల్లో చేసి ఇచ్చేవాళ్ళు. అనంతపురం, కడప, కర్నూలు, ఏ ఊళ్ళోనైనా అలాంటి కొట్లుండేవి. లిస్టు రాయడమే పెద్ద పని. సైడ్‌కి ముప్పై నిమిషాలు, లేదా 90 క్యాసెట్ అయితే నలభై ఐదు. పాటకు నాలుగున్నర నిమిషాలు లెక్కేసుకుని, ఎవరి పాటలు ఎన్ని అని అన్నాచెల్లెళ్ళు కొట్టుకుని, మొదటి పాట ఏది, చివరిది ఏది అని తేల్చుకుని, చివర్లో రెండు ఖాళీ నిమిషాలు మిగిలితే అందులో ఏ చిన్న పాట పడుతుందో వెతికేవాళ్ళు. కొట్టువాడు ఒక్కోసారి మనం అడిగింది దొరక్క తనకు నచ్చింది వేసేవాడు, ఆ పాట మనకు అలా పరిచయమయ్యేది. ఇది ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేని ఆల్బమ్. పాటలు విడివిడిగా అన్నీ ఫోన్లో దొరుకుతాయి, ఆ వరుస ఫోన్లో లేదు. క్యాసెట్ ఆడినా ఆడకపోయినా అట్ట మీది లిస్టు చదవగలిగితే చాలు, ఆ వరుసను తిరిగి కట్టుకోవచ్చు. ముందు ఆ అట్టలన్నిటికీ వెలుతురులో ఫోటోలు తీయండి. బాల్‌పెన్ రాత వెలిసిపోతుంది.

ఇక క్యాసెట్ల సంగతి. బాగు చేయించుకోవడం దండగా అని అడిగారు. అన్నీ అయితే దండగే. సినిమా పాటలు ఫోన్లో అంతకంటే బాగా దొరుకుతున్నప్పుడు వాటి కోసం డబ్బు పెట్టకండి. ఇంకెక్కడా దొరకనివి ఏరండి: అవ్వ గొంతు, రేడియోలోంచి పట్టుకున్నవి ఏవైనా, ఊళ్ళో నాటకం పద్యాలు రికార్డు చేసినవి ఉంటే అవి, మీరూ అన్నా చిన్నప్పుడు మైకులో మాట్లాడి నవ్వుకున్నవి. వాటి కోసం మాత్రం ఎంత తిరిగినా తప్పులేదు.

మన ప్రాంతంలో ఒక మంచి, ఒక చెడు. గాలిలో తేమ తక్కువ కాబట్టి కోస్తాలోలాగా బూజు అంత తొందరగా పట్టదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే ఎండకు మిద్దె కింద అటక ఎలా కాలుతుందో మీకు తెలుసు, ఆ వేడికి క్యాసెట్ పైడబ్బా వంగుతుంది, లోపల అతికించిన జిగురు ఎండిపోతుంది. కాబట్టి దొరికిన వెంటనే ఏ టేప్ రికార్డర్లోనో తోసి ప్లే నొక్కేయకండి. ముందు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడండి. కింది అంచున మధ్యలో, రీలు వెనకాల, సన్నని రాగిరంగు రేకు మీద చిన్న మెత్త ఉంటుంది, రీలును హెడ్డుకు, అంటే టేప్ రికార్డర్లో రీలు మీది శబ్దాన్ని చదివే భాగానికి, ఆనించి ఉంచేది అదే. జిగురు ఎండి అది రాలిపోయి ఉంటే శబ్దం డబ్బాలోంచి వచ్చినట్టు మసకగా వస్తుంది, దాన్ని వేరే పనికిరాని క్యాసెట్‌లోంచి తీసి మార్చొచ్చు. రీలు చుట్ట మీద తెల్లని పొడిలాంటిది కనిపిస్తే బూజు, దాన్ని మిగతావాటితో కలపకండి. తర్వాత పెన్సిల్ పెట్టి నెమ్మదిగా తిప్పండి. తేలిగ్గా తిరిగితే మంచిది, పట్టేసినట్టుంటే బలవంతం చేయొద్దు. మొదట్లో ఉండే పారదర్శకమైన ముక్కకూ అసలు రీలుకూ మధ్య అతుకు ఊడిపోయి ఉండొచ్చు, అది చిన్న రిపేరు, భయపడకండి. ఆడించే ముందు ఒకసారి ఆ చివరిదాకా తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పితే ఏళ్ళ తరబడి బిగుసుకున్న చుట్ట వదులవుతుంది.

టేప్ రికార్డర్ కొత్తది కొనకండి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వచ్చే చవక క్యాసెట్ ప్లేయర్లలో మోటారు నిలకడగా తిరగక గొంతు వణుకుతుంది, అది విని మీ క్యాసెట్ పాడైందనుకుంటారు. చుట్టాల ఇళ్ళలో అడగండి, పాత టూ ఇన్ వన్ ఒకటి మంచం కింద తప్పకుండా ఉంటుంది. దాని లోపలి రబ్బరు బెల్టు ఈపాటికి సాగిపోయో కరిగి తారులా అయ్యో ఉంటుంది, రేడియోలు, టీవీలు బాగుచేసే పాత మెకానిక్ ఎవరైనా కొత్తది వేస్తారు. అదే చేత్తో హెడ్డు శుభ్రం చేయించండి: ఇయర్ బడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి, సెంటు, గోళ్ళరంగు తుడిచే ద్రవం లాంటివి వద్దు. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, అది హెడ్డు వాలును సరిచేసేది. శబ్దం మందంగా ఉంటే దాన్ని కొద్దిగా తిప్పితే తేటపడుతుంది. మెకానిక్‌కు తెలుసు, ఆయన్నే చేయనివ్వండి. ముందు పోయినా బాధలేని సినిమా క్యాసెట్ ఒకటి ఆడించి చూడండి, రీలు తినకుండా రెండు సైడ్లూ ఆడితే అప్పుడు అవ్వ క్యాసెట్ పెట్టండి.

ఒకటి ముందే చెప్తున్నాను, లేకపోతే కంగారు పడతారు. అవ్వ పాడటం మొదలుపెట్టే ముందు, ఆ నిశ్శబ్దంలో, అదే గొంతు చాలా సన్నగా, ఎక్కడో దూరం నుంచి వినిపించొచ్చు. ఏళ్ళ తరబడి చుట్టి ఉన్న రీల్లో ఒక పొర మీది శబ్దం పక్క పొర మీదికి కొద్దిగా దిగుతుంది, అంతే. సన్నని రీలు ఉండే 90 క్యాసెట్లలో ఇది ఎక్కువ.

ఆడుతుండగానే కంప్యూటర్లోకి ఎక్కించుకోండి, రెండోసారి ఆడుతుందన్న భరోసా లేదు. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక ఆక్స్ వైరు, లాప్‌టాప్‌కు లైన్ ఇన్ (బయటి శబ్దాన్ని లోపలికి తీసుకునే రంధ్రం) ఉన్న చిన్న యుఎస్‌బి సౌండ్ అడాప్టరు, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, ఇంతే కావాల్సింది. మీ స్కూల్లో కంప్యూటర్ సారుకు చెప్తే అరగంటలో అమర్చిపెడతారు. శబ్దం కొలత ఎర్రగీత తాకకుండా చూసుకోండి. శబ్దాన్ని కుదించే ఎంపీ3గా కాదు, ఏమీ కుదించని వేవ్ (WAV) ఫైలుగా దాచండి, సీడీ నాణ్యతలో నిమిషానికి 10 ఎంబీ చొప్పున గంట క్యాసెట్ 600 ఎంబీ అవుతుంది, పెన్‌డ్రైవ్‌లో అది ఒక మూల. బుస్సుమనే శబ్దం తీసేద్దామని అసలు ఫైలు మీద ఏ పనీ చేయకండి. కావాలంటే కాపీ మీద చేసుకోండి, ఆ బుస్సులో పక్కింటివాళ్ళ మాట, గిన్నె చప్పుడు ఏవైనా ఉండొచ్చు.

వరదలో తడిసిన సంచి గురించి రాయడానికి కొంచెం బాధగా ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పాతబస్తీలోకి వచ్చినప్పుడు వచ్చింది ఉత్త నీళ్ళు కాదు, బురద. అది క్యాసెట్ లోపల ఎండి రీలు పొరల మధ్య సన్నని ఇసుకై కూర్చుని ఉంటుంది. తడిసిన వెంటనే అయితే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడలో ఆరబెట్టి కాపాడొచ్చు. ఇన్నేళ్ళ తర్వాత వాటిని ఆడిస్తే రీలూ పోతుంది, టేప్ రికార్డర్ హెడ్డూ అరుగుతుంది. వాటిలో మనుషుల గొంతులున్న క్యాసెట్ ఏదైనా ఉంటే పాత ఆడియో టేపులు బాగుచేసే పనిలో ఉన్నవాళ్ళకే ఇవ్వండి, సొంతంగా ప్రయత్నించకండి. మిగతావాటి పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకుని, ఆ పాటలు ఫోన్లో పెట్టుకుని, సంచిని సాగనంపండి. అమ్మ ఒప్పుకోకపోతే ఉంచండి. ఆమె ఆ రోజు ఇల్లంతా వదిలి వచ్చిన మనిషి, ఒక సంచి ఉండనివ్వండి.

మీ ఆయనకు చెప్పాల్సింది పెద్దగా లేదు. ఫోన్లో అన్నీ ఉన్నాయన్న మాట పాటల వరకు చాలావరకు నిజమే. ఒకరోజు ఆయన్నే అడగండి, ఆయన పెళ్ళికి ముందు విన్న క్యాసెట్ ఏదో. ఆయన ఊరి కబుర్లు మొదలవుతాయి.

గీత సంగతికి వస్తాను. అమ్మ భయం నాకు తెలుసు, మన వైపు వీధిలో మైకులో ఘంటసాల గారి గీత వినిపిస్తే 'ఎవరు పోయినారు' అనే అడుగుతారు. ఆ ఆల్బమ్‌కు ఇంత అన్యాయం ఇంకొకటి లేదు. ఘంటసాల గారు 1974లో కన్నుమూశారు, జీవితం చివర్లో ఆరోగ్యం బాగాలేని రోజుల్లో పాడిన గీత అది. శ్లోకం పాడి, వెంటనే తేట తెలుగులో తాత్పర్యం చెప్తారు, సంస్కృతం రానివాళ్ళ కోసం. యుద్ధం ముందు చేతులు కాళ్ళు ఆడక కూర్చున్న మనిషికి లేవమని చెప్పే మాటలను మనం లేవలేని మనిషి పక్కన మాత్రమే వినిపిస్తున్నాం. మీ నాన్న ఇంట్లోనే పెట్టుకుని విన్నారు కదా, అదే అమ్మకు గుర్తుచేయండి. అప్పటికీ ఆమెకు మనసొప్పకపోతే ఇంట్లో మైకులా పెట్టకుండా, ఇయర్‌ఫోన్లో మీరొక్కరే తెల్లవారుజామున ఒక సైడ్ వినండి. తాత్పర్యం చెప్పేటప్పుడు ఆయన గొంతు పాట నుంచి మాటకు ఎలా దిగుతుందో, మళ్ళీ శ్లోకానికి ఎలా ఎక్కుతుందో చూడండి. రోజూ పిల్లలకు పాఠం చెప్పే మీకు అది నాకంటే బాగా అర్థమవుతుంది.

అన్నకు చెప్పండి. వద్దా అన్న ఆలోచనే పెట్టుకోకండి. కానీ పాట లింకు పంపకండి, లింకులు రోజుకు వంద వస్తాయి, తెరవకుండానే కింద బొటనవేలు గుర్తు పెట్టి వదిలేస్తారు. రికార్డింగ్ సెంటర్ క్యాసెట్ అట్టల్లో తన చేతిరాత ఉన్నదాని ఫోటో తీసి పంపండి. కింద ఇంటి మాట రాయొద్దు, 'గుర్తున్నాయా ఆ రోజులు' లాంటివీ వద్దు. తను మాత్రమే జవాబు చెప్పగలిగిన ఒక్క ప్రశ్న అడగండి. సైడ్ బిలో నాలుగో పాట పేరు చెరిగిపోయింది, ఏది అది, అని. చెరగకపోతే ఈ పాట ఎందుకు పెట్టించావు, నాకు నచ్చేది కాదు కదా, అనండి. వెంటనే జవాబు రాకపోవచ్చు. ఇల్లు అమ్మే గొడవ దీనితో తీరదు, ఆ గొడవ వేరే కూర్చుని తేల్చుకోవాల్సిందే. కానీ లిస్టు కోసం కొట్టుకున్న ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఆ ఇల్లు కాక ఇంకొకటి కూడా ఉందని తనకూ తెలియాలి. అవ్వ పాటలు కంప్యూటర్లోకి ఎక్కాక ఒక కాపీ తనకు పంపండి, అడగకపోయినా.

ఇవన్నీ నిదానంగా చేసుకోవచ్చు, తొందర లేదు. ఒక్కటి మాత్రం ఇది చదవగానే చేయండి. అవ్వ క్యాసెట్ తీసి పై అంచు చూడండి, రీలు కనిపించే అంచు కాదు, దానికి ఎదురుగా ఉండేది. రెండు మూలల దగ్గర రెండు చిన్న ప్లాస్టిక్ పళ్ళు ఉంటాయి. కొన్న క్యాసెట్లకు అవి ముందే ఉండవు, ఇంట్లో రికార్డు చేసినవాటికి ఉంటాయి. అవి ఉన్నంతకాలం ఎవరైనా పొరపాటున రికార్డు బటన్ నొక్కితే అవ్వ గొంతు చెరిగిపోతుంది. చిన్న స్క్రూడ్రైవర్ మొనతో రెండూ విరిచేసి, ఆ తర్వాతే టేప్ రికార్డర్ వెతకడం మొదలుపెట్టండి.